ఖడ్గ తిక్కన కాళ్ల కింద ఏ నేల? (రెజిన్ బేస్‌ల ప్రాజెక్టు డైరీ)

సెప్టెంబరు 14, ఆదివారం

ఒంగోలు నుంచి మా బావమరిది పంపిన పార్శిల్ నిన్న సాయంత్రం నెల్లూరు చేరింది. చెప్పుల డబ్బా, లోపల పాత టీషర్టులో చుట్టిన మూడు బొమ్మలు. వాడే కంప్యూటర్లో మలిచి రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) ప్రింటర్ మీద తీశాడు. ఒకటి 75 మిల్లీమీటర్ల ఖడ్గ తిక్కన, 13వ శతాబ్దపు నెల్లూరు సేనాని, రెండోది అదే స్కేలులో ఒంగోలు గిత్త, మూడోది 32 మిల్లీమీటర్ల చిన్న గొర్రెల కాపరి. రంగులు నేను వేయాలి, సంక్రాంతి లోపు మా ఫ్రేముల కొట్టు షోకేసులో మూడూ నిలబడాలి, అదీ మా ఒప్పందం.

తిక్కన బొమ్మ చేతిలోకి తీసుకుంటే చాలాసేపు కింద పెట్టబుద్ధి కాలేదు. గుర్రం దిగి నిలబడ్డాడు, కుడికాలు ముందుకు పడింది, ఎడమ మడమ కొంచెం లేచింది, కత్తి కిందికి దించి ఉంది కానీ పిడి మీద వేళ్లు బిగిసి ఉన్నాయి. మెడ నరం కూడా తెలుస్తోంది. ఇంత బాగా మలిచిన బొమ్మని ఏదో ఒక చెక్క మీద అతికించి ఊరుకోలేను.

అందుకే ఈసారి వరస మార్చాను, ముందు బేస్, అంటే బొమ్మ నిలబడే పీఠం, తర్వాతే రంగు. కిందటేడు ఒక సిపాయి బొమ్మకి రంగంతా పూర్తిచేసి, చెప్పుల మీద, పంచె అంచు మీద గోధుమరంగు దుమ్ము కూడా కొట్టి, ఆ తర్వాత బేస్ వెతికాను. దొరికింది బూడిదరంగు రాతి పలకలది. మనిషి కాళ్ల మీద ఒక ఊరి మట్టి, కాళ్ల కింద ఇంకో ఊరి రాయి. చూసినవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు కానీ నాకు మాత్రం ఇప్పటికీ చూపు అక్కడికే పోతుంది.

సెప్టెంబరు 17

కొనకముందే అట్టముక్కలతో నమూనాలు చేశాను. మౌంటు బోర్డు (ఫ్రేములో ఫొటో చుట్టూ పెట్టే అట్ట) తుక్కు కొట్లో ఎంతైనా ఉంటుంది కాబట్టి 40 మిల్లీమీటర్ల పెట్టె, 50ది, 60 మిల్లీమీటర్ల గుండ్రం, ఒక పొడుగాటి దిమ్మ, అన్నీ కత్తిరించి టేపు వేసి నల్లరంగు పూశాను. బొమ్మని ఒక్కోదాని మీద మెత్తటి బంక బ్లూటాక్‌తో నిలబెట్టి, ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసి చూశాను. రంగు లేకుండా చూస్తే ఏది పెద్దది, ఏది చిన్నది, కన్ను ముందు ఎక్కడ పడుతోంది అన్నది ఇట్టే తెలిసిపోతుంది. మినియేచర్లు చేసే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే, రూపాయి ఖర్చు లేని పని, వందల రూపాయలు మిగులుస్తుంది.

40 పెట్టె మీద తిక్కన గోడ మీద ఎక్కి నిలబడ్డట్టు ఉన్నాడు. కాలి వేళ్లకి, అంచుకి మధ్య రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, చూస్తుంటేనే పడిపోతాడేమో అని టెన్షన్. 60 గుండ్రం మీద మనిషి చిన్నబోయాడు. 50 పెట్టె ఫరవాలేదు.

నాన్న టీ తాగుతూ వచ్చి చూశారు. నలభై ఏళ్లు ఫ్రేములు కట్టిన మనిషి. "బొమ్మ కంటే మౌంటు ముందు కనబడిందంటే ఆ ఫ్రేము తప్పు కట్టినట్టే అబ్బయ్యా" అన్నారు. ఫొటోకి మౌంటు కోసేటప్పుడు ఆయన కిందిపక్క ఎప్పుడూ రెండు నూళ్లు, అంటే పావంగుళం, ఎక్కువ వదులుతారు, నాలుగు పక్కలా సమానంగా వదిలితే ఫొటో కిందికి జారినట్టు కనబడుతుందని. దిమ్మ ఎత్తుకి కూడా అదే లెక్క పనికొచ్చింది. దిమ్మ ఎత్తు బొమ్మలో మూడో వంతు దగ్గర ఉంటే బరువు కిందికి దిగి నిలకడగా ఉంది, సగం దాటితే బొమ్మని వదిలేసి దిమ్మనే చూస్తున్నాం. ఇది 75 మిల్లీమీటర్ల బొమ్మకి నా కంటికి తోచిన లెక్క. చిన్న బొమ్మలకి ఇంకొంచెం ఎత్తైనా బాగానే ఉంటుంది, రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికి చేతికి పట్టు దొరుకుతుంది.

సెప్టెంబరు 26

ఆర్డరు పెట్టిన రెడీమేడ్ రెజిన్ బేస్‌లు రెండు వచ్చాయి. ఒకటి 50 మిల్లీమీటర్ల నల్ల పెట్టె, పైన సాదా. ఇంకోటి 60 గుండ్రం, పైన గుండ్రాళ్లు పరిచిన వీధి. పోస్టేజీతో కలిపి 1,150 రూపాయలు.

ముందు పనితనం సంగతి. గుండ్రంది పాలియురెథేన్ (ఒక రకం రెజిన్) పోత, మీగడ రంగులో ఉంది. చేతికి జిడ్డుగా తగిలింది, అచ్చులోంచి ఊడిరావడానికి పూసే రిలీజ్ మందు అది. దాన్ని కడక్కుండా ప్రైమర్ (రంగు కింది తొలి పూత) కొడితే నెల తర్వాత రంగు పొరలు పొరలుగా లేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు రుద్ది, ఒక రాత్రి ఆరబెట్టాను. పెట్టె అడుగు కొంచెం వంగింది, టేబుల్ మీద పెట్టి మూల నొక్కితే టక్‌మంటోంది. బాగా వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి, మెత్తబడగానే గ్రానైటు ముక్క మీద నొక్కి పట్టుకుని చన్నీళ్లు పోస్తే చక్కగా కూర్చుంది. అంచుల్లో ఆవగింజంత బుడగ గుంటలు నాలుగున్నాయి, వాటికి ఎపాక్సీ పుట్టీ, కలిపాక గట్టిపడే ముద్ద.

ఆ గ్రానైటు ముక్క గురించి కూడా రాయాలి. పార్శిల్‌తోపాటు బావమరిది చీమకుర్తి గెలాక్సీ రాయి ముక్క ఒకటి పంపాడు, "బావా, మన రాయే బేస్ పెట్టేద్దాం, వేరే ఎందుకు" అని. రాయి చాలా అందం. నల్లటి రాత్రిలో బంగారు చుక్కలు, ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. కానీ బొమ్మ దాని మీద పెడితే ఒక్కో చుక్క తిక్కన బొటనవేలంత ఉంది. మనిషిని 24వ వంతుకి తగ్గించాం, రాయి మాత్రం తగ్గలేదు. చూపు ముఖం మీద నిలవకుండా కింద మెరుపుల వెంట పోతోంది. బేస్‌గా వద్దనుకున్నా, రాయి మాత్రం నా టేబుల్ మీదే ఉంచాను. అంత చదునైన తలం ఇంట్లో ఇంకోటి లేదు, దాని మీద ఎమరీ పేపరు అతికించి బేస్ అడుగులు అరగదీస్తున్నాను.

ఇక గుండ్రాళ్ల వీధి. పోత పని వంక పెట్టలేం, ఒక్కో రాయి మధ్య సందులో ఇసుక కూడా చెక్కారు. యూరప్ సిపాయి ఎవరైనా దాని మీద హాయిగా నిలబడతాడు. 13వ శతాబ్దపు నెల్లూరు సేనాని నిలబడలేడు. బజార్లో దొరికే అలంకారపు బేస్‌లలో నాకు కనబడినవన్నీ ఇట్లాంటివే, విరిగిన చర్చి గోడలు, మంచు, నాచు పట్టిన మెట్లు. మన బొమ్మకి మన నేల కావాలంటే మనమే పోసుకోవాలి అని ఆరోజే సగం అనుకున్నాను.

అక్టోబరు 5, ఆదివారం

ఈరోజు ఫోన్లో బావమరిదితో ముప్పావుగంట. 50 పెట్టెకి ఖాయం చేసేద్దామని ఫోన్ చేస్తే వాడు ఒకే ప్రశ్న అడిగాడు. "బావా, ఇది మొదటిసారి పోయినప్పుడా, రెండోసారి పోయినప్పుడా?"

కథ మా వైపు చాలామందికి తెలిసిందే. నెల్లూరు రాజు మనుమసిద్ధికీ గొల్లల నాయకుడు కాటమరాజుకీ పశువుల మేత దగ్గర, పుల్లరి (మేత పన్ను) దగ్గర తగాదా వచ్చి, పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం. తిక్కన ఓడి వెనక్కి ఇంటికొచ్చాడు. భార్య నులకమంచం అడ్డంపెట్టి, పసుపు ముద్ద పెట్టి, ఆడవాళ్లకి పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెట్టింది. ఆ అవమానం పడలేక మళ్లీ యుద్ధానికి పోయి అక్కడే చనిపోయాడు. తెలుగు మహాభారతంలో పదిహేను పర్వాలు రాసిన తిక్కన సోమయాజి ఈయనకి వరసకి అన్నదమ్ముడంటారు.

రెండోసారే, అని నేను. "అయితే ఆ నేల మీద ముందే ఈయన పారిపోయిన గుర్తులుండాలి గదా" అన్నాడు వాడు.

ఫోన్ పెట్టేశాక అట్టముక్కలన్నీ పక్కన పడేశాను. గుర్రపు డెక్కల గుర్తులు ఇంటి వైపు పోయి ఉండాలి, మనిషి వాటికి ఎదురు నడుస్తూ ఉండాలి. ముఖంలో చూపించలేనిది నేల చూపిస్తుంది. కానీ 50 పెట్టె మీద రెండు కాళ్లు పట్టాక గుర్తులకి చోటేది? పొడుగు కావాలి. 90 పొడుగు, 50 వెడల్పు, దిమ్మ 25 ఎత్తు. మనిషి సరిగ్గా మధ్యలో కాదు, కొంచెం వెనక్కి. ముందు ఖాళీ నేల వదలాలి, ఆయన పోవాల్సిన చోటు అది. అట్టతో మళ్లీ చేసి ఫొటో తీశాను. నలుపు తెలుపులో కూడా కన్ను ముఖం మీద పడి, కత్తి వెంట దిగి, ముందున్న ఖాళీలోకి పోతోంది.

అక్టోబరు 8

తెల్లారుజామున రంగనాయకులపేట వైపు పెన్న ఇసుకలోకి దిగాను. పశువుల్ని తోలుకుపోయే దారి ఉంది అక్కడ. స్కేలు జేబులో పెట్టుకుని వెళ్లి ఒక్కో గుర్తు దగ్గర కూర్చుని ఫొటోలు తీశాను.

ఆవు గుర్తు పదిన్నర సెంటీమీటర్ల పొడవు, ఎనిమిదిన్నర వెడల్పు ఉంది. రెండు చీలికలు, ముందువైపు సన్నబడి కొంచెం దగ్గరికొస్తాయి. తడి ఇసుకలో అంచు కత్తితో కోసినట్టుంది, గిట్ట కొన ముందు నెట్టిన ఇసుక చిన్న గట్టులాగా లేచి ఉంది. పది అడుగులు పైకొచ్చి పొడి ఇసుకలో చూస్తే అదే గుర్తు మూకుడులాగా అయిపోయింది, అంచులన్నీ లోపలికి జారి, చీలిక మాత్రం ఒక గీతలాగా మిగిలింది. ఇంకోటి గమనించాను, వెనక కాలు దాదాపు ముందుకాలి గుర్తు మీదే పడుతోంది, అందుకే ఒక్కో చోట రెండు గుర్తులు కలిసి వింత ఆకారం వస్తోంది. ఇంట్లో కూర్చుని ఊహించి చేస్తే నాలుగు కాళ్లవీ నాలుగు విడివిడి గుర్తులు వేసుండేవాణ్ణి.

లెక్క ఇదీ. ఆరడుగుల మనిషి 75 మిల్లీమీటర్లు అయ్యాడంటే దాదాపు 24వ వంతు. ఆవు గుర్తు నాలుగు మిల్లీమీటర్లు చిల్లర, గుర్రపు డెక్క పన్నెండు సెంటీమీటర్లనుకుంటే ఐదు. పెన్న ఇసుక రేణువు ఒక మిల్లీమీటరుదైతే ఆయన కాళ్ల దగ్గర అది అంగుళం గులకరాయి. కాబట్టి ఇసుకని ముందు టీ వడపోసే జల్లెడలో, తర్వాత పాత పట్టుగుడ్డలో జల్లించాను. గుడ్డలోంచి రాలిన పిండిలాంటిదే నేలకి పనికొస్తుంది, జల్లెడలో మిగిలింది అక్కడక్కడా రాళ్లకి.

అక్టోబరు 12, ఆదివారం

అచ్చు తీయడానికి మూల దిమ్మ తయారైంది. కొట్లో టేకు ముక్క 90కి 50కి కోసి, దాని మీద మార్కాపురం పలక రాయి ముక్క అతికించాను. పలక రాయిని పక్క నుంచి సుత్తితో చిన్నగా తడితే పుస్తకం పేజీల్లాగా విచ్చుకుంటుంది, ఆ విరిగిన అంచు ఈ స్కేలులో అచ్చం ఏరు కోసిన గట్టులాగా ఉంటుంది. పొరలు పొరలుగా, మధ్యలో చిన్న అరుగులు. ముందువైపు అంచుకి అది పెట్టాను, అది పాలేరు గట్టు.

మరి టేకు, పలక రాయే నేరుగా బేస్‌గా పెట్టేయొచ్చు కదా అని నాన్న అడిగారు. నేనూ రెండు రోజులు అదే ఆలోచించాను. పలక రాయికి పిన్ను కోసం రంధ్రం వేస్తే పొర ఊడొస్తుంది, ఒక ముక్క మీద వేసి చూశాను, సగం పెచ్చు లేచిపోయింది. చెక్క మన సముద్రపు గాలికి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది, రాయి కదలదు, రెండూ కలిసిన చోట రంగు పగులుతుంది. రెజిన్‌లో పోస్తే అంతా ఒకటే ముక్క. పైగా అదే అచ్చులోంచి గిత్తకి ఇంకోటి తీసి తిప్పి పెడితే, రెండు బేస్‌లూ ఒకే ఏటి గట్టు మీదివిలా ఉంటాయి.

పలకకి, టేకుకి రెండు పూతలు వార్నిష్, పైన పల్చగా వాసెలీన్. చుట్టూ సెంటీమీటరు ఖాళీ వదిలి ఫ్రేము అద్దం ముక్కలతో పెట్టె కట్టాను. అచ్చు కోసం సిలికాన్ (రబ్బరులాగా గట్టిపడే ద్రవం) ఎంత పడుతుందో తెలియడానికి పెట్టెలో బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలగ్లాసులో కొలిచాను. 210 మిల్లీలీటర్లు. సిలికాన్ పావుకిలో కలిపి, గట్టిపడే మందు డబ్బా మీద రాసినట్టు నూటికి మూడు వంతులు వేసి, ఒక మూల నుంచి దారంలాగా సన్నగా పోశాను, అలా పోస్తే బుడగలు దారిలోనే తెగుతాయి. తెల్లారి ఊడదీశాను. పలక రాయి మీద నాకు కనబడని గీత కూడా అచ్చులో కనబడింది.

అక్టోబరు 16

మొదటి పోత చెడింది.

ఎపాక్సీ రెజిన్ రెండు సీసాలు, ఒకటి రెజిన్, ఇంకోటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్, కలపాల్సింది రెండుకి ఒకటి. నేను వంటింటి కాటా మీద పెట్టి తూకంలో రెండుకి ఒకటి కలిపాను. సీసా మీద రాసింది కొలతలో, అంటే మిల్లీలీటర్లలో. రెజిన్ బరువెక్కువ, హార్డెనర్ తేలిక, కాబట్టి తూకంలో రెండుకి ఒకటి వేస్తే హార్డెనర్ ఎక్కువ పడుతుంది. రెండు రోజులైనా గట్టిపడలేదు, గోరు దిగుతోంది, జీడిపప్పు పాకంలాగా వేలికి అంటుతోంది. ఎండలో పెట్టినా లాభం లేదు, ఆ పోత ఇక ఎప్పటికీ గట్టిపడదు. అచ్చులోంచి తవ్వి తీయడానికి ఒక సాయంత్రం పట్టింది. అచ్చు చిరగలేదు, అది చాలు.

సీసా మీద తూకంలోనా, కొలతలోనా అన్నది చూసుకోండి, రెండూ రాసుంటే తూకమే నమ్మండి, చిన్న పోతల్లో కాటా చేసే తప్పు తక్కువ. నా సీసా మీద కొలతే ఉంది కాబట్టి సూది లేని సిరంజీలు తెచ్చుకున్నాను, ఒక్కోదానికి ఒక్కోటి.

అక్టోబరు 23

వాన. ఆకాశం చిల్లు పడ్డట్టు మూడు రోజుల నుంచి. అక్టోబరు, నవంబరు నెల్లూరుకి అసలైన వానాకాలం, ఈ కాలంలో పోత పెట్టుకోవడం తెలివైన పని కాదు కానీ సంక్రాంతి ఆగదు కదా.

పాలియురెథేన్ అయితే ఈ తేమకి నురగ కట్టి స్పాంజిలాగా లేస్తుంది, అందుకే మా ఊళ్లో నేను ఎపాక్సీకే ఓటేస్తాను. అది నిదానం, గట్టిపడటానికి ఒక రోజు, రాయిలాగా కావడానికి వారం. కానీ తేమని ఎంతో కొంత తట్టుకుంటుంది. రెజిన్‌లో ముందే నల్ల పిగ్మెంటు రెండు చుక్కలు కలిపాను, రేపు ఎక్కడైనా గీత పడినా తెల్లగా కనబడదు. కప్పుని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు పెడితే రెజిన్ పల్చబడి బుడగలు పైకి వస్తాయి. ముందు బ్రష్‌తో అచ్చు అడుగున పలక గీతల్లోకి పూత పూసి, తర్వాత సగం ఎత్తుకే పోశాను. మొత్తం ఒకేసారి పోస్తే మందంగా ఉన్నచోట లోపల వేడి పుట్టి, ముక్క పగిలినా పగులుతుంది. మిగతా సగం ఐదు గంటల తర్వాత, మొదటి పొర వేలికి జిగటగా ఉండగానే. రెండూ కలిసిపోయాయి, మధ్యలో గీత లేదు.

అచ్చుని పెద్ద ప్లాస్టిక్ బియ్యం డబ్బాలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ సంచులు పది పడేసి మూత పెట్టాను. పని చేస్తున్నంతసేపూ కిటికీ తెరిచే ఉంది, చేతికి గ్లౌజులు. చర్మం ఎపాక్సీకి అలవాటు పడదు, తగిలేకొద్దీ దద్దుర్లు ఎక్కువవుతాయి, ఈ ఒక్క విషయంలో ఎవరూ ధైర్యం చేయొద్దు.

అక్టోబరు 25

ఊడొచ్చింది. పొరలన్నీ నిలబడ్డాయి, బుడగ ఒక్కటే, అదీ అడుగున. పైన మైనం పూసినట్టు సన్నటి జిడ్డు పొర ఉంది, వానాకాలపు ఎపాక్సీకి అది మామూలే. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే పోయింది. కడక్కుండా ఎమరీ పట్టారంటే ఆ జిడ్డు కాగితం నిండా పట్టి రెండు నిమిషాల్లో పనికిరాకుండా పోతుంది.

పక్కలు గెలాక్సీ రాయి మీద తడి ఎమరీతో 220, 400, 600 నంబర్లు వరసగా. రెజిన్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందుకే పొడిగా అరగదీయను, నీళ్లతోనే, మాస్కు పెట్టుకుని. ఆ బురద నీళ్లు తూములో పోయకుండా పాత పేపరుతో తుడిచేశాను.

నవంబరు 2, ఆదివారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు ఇది.

దిమ్మ పైన రెండు మిల్లీమీటర్ల మందాన ఎపాక్సీ పుట్టీ పరిచాను. ముందు గట్టు దగ్గర పల్చగా, పలక రాయి బయటికి కనబడేట్టు. ముప్పావుగంట ఆగితే పుట్టీ చపాతీ పిండి పదును నుంచి కొంచెం బిగుస్తుంది, గుర్తులు వేయడానికి సరైన అదను అదే. మరీ మెత్తగా ఉంటే అంటుకుంటుంది, ఆలస్యమైతే పగుళ్లు వస్తాయి.

గుర్రపు డెక్క కోసం బాల్‌పెన్ను గొట్టం కొన ఆకురాయితో U ఆకారంలో అరగదీశాను. ఆవు గిట్టకి అగ్గిపుల్లలు రెండు చెక్కి పక్కపక్కన అతికించాను. ముందు పశువుల గుర్తులు వేశాను, ఎందుకంటే ఆ నేల మీద తగాదా పశువులతోనే మొదలైంది, అవి పాతవి, జారిపోయి మూకుళ్లలాగా అయిపోయినవి, తడి బ్రష్‌తో అంచులు మెత్తబరిచాను. వాటి మీద అడ్డంగా గుర్రపు డెక్కలు, కొత్తవి, అంచు పదునుగా, వేగంగా పోయింది కాబట్టి దూరదూరంగా, కొన ముందు మట్టి ఎగజిమ్మి. అవి తిక్కన వెనకవైపుకి, ఇంటి దిక్కుకి పోతున్నాయి.

ఒక డెక్క గుర్తు ఆయన కుడికాలు పడే చోటే వచ్చింది. తుడిచేద్దామా అని పుట్టీ కత్తి తీశాను. తీసి ఆగాను. బొమ్మ పెట్టి చూస్తే పాదం ఆ గుర్తుని సగం తొక్కి నిలబడింది. తను పారిపోయిన గుర్తుని తనే తొక్కుతున్నాడు. ఉంచేశాను. ఎవరూ గమనించకపోవచ్చు, మా బావమరిదికి ఫొటో పంపితే మాత్రం వెంటనే ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నవంబరు 9, ఆదివారం

మట్టి. ఎర్రగడ్డపాడు, పేరులోనే ఎర్రగడ్డ ఉంది, కాబట్టి నేల ఎర్రగానే ఉండాలని నా నిర్ణయం. పొదలకూరు దాటాక రోడ్డు పక్కన తీసిన ఎర్రమట్టి, పెనంలో వేయించి తేమ తీసి, పట్టుగుడ్డలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ మీద చల్లాను. గుర్తుల లోపల చల్లలేదు, అక్కడ మట్టి నొక్కుకుపోయి నున్నగా ఉండాలి.

అసలు మట్టే వేశాం కదా రంగెందుకు అనుకుంటే పొరపాటు. ఫెవికాల్ తాగాక అది ముదిరి, తడిసిన ఇటుకలాగా అయిపోతుంది, పైగా చిన్న స్కేలులో నీడలు వాటంతటవి పడవు, మనమే వేయాలి. ముదురు గోధుమ ఎరుపు కింద, దాని మీద బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), దాంట్లో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలుపుతూ మూడు పొరలు తేలిక చేసుకుంటూ వచ్చాను. డెక్క గుర్తుల అడుగున ముదురే ఉంచి, ఎగజిమ్మిన మట్టి కొనలకి మాత్రం బాగా తేలిక రంగు తాకించాను. నాన్న వచ్చి చూసి, "ఎరుపు ఇంకాస్త చంపు, పంచె తెలుపు వెలగాల" అన్నారు. మౌంటు రంగు ఫొటోలో ఉన్న రంగే అయ్యుండాలి, కానీ దానికంటే ఒక మెట్టు మసకగా, అది ఆయన పద్ధతి. పల్చటి బూడిద గోధుమ వాష్ (నీళ్ల రంగు పూత) ఒకటి పైన తిప్పాను. నిజమే, ఇప్పుడు తెల్ల పంచె దూరం నుంచే పిలుస్తోంది. అదే ఓకర్ దుమ్ము ఆయన పాదాల మీద, పంచె అంచు మీద కూడా కొట్టాను, ఈసారి కాళ్ల మీదా కాళ్ల కిందా ఒకే మట్టి.

పక్కలు నలుపు. మెరుపే లేని మాట్ కొడితే వేలిముద్రలు పడుతున్నాయి, బాగా మెరిసే గ్లాసీ కొడితే షోకేసు ట్యూబ్‌లైటు అద్దంలాగా కనబడుతోంది, రెండిటికీ మధ్యలో శాటిన్. వార్నిష్ స్ప్రే చేయడానికి వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం కోసం మూడు రోజులు ఆగాను, తేమలో కొడితే నలుపంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

నవంబరు 16, ఆదివారం

గొర్రెల కాపరిది తేలికగా తేలిపోయింది. మొదట కొన్న 50 పెట్టె పెద్దదవుతుందని పక్కన పెట్టాను కానీ, కాపరిని ఒక మూలకి జరిపి మిగతా నేలంతా ఖాళీగా వదిలితే, బయలు మధ్య ఒంటరి మనిషి వచ్చాడు. ఎండుగడ్డి కోసం కొబ్బరి పీచు, రెండు కుచ్చులు చాలు. గుండ్రాళ్ల వీధి బేస్ పక్కింటి అబ్బాయికిచ్చాను, వాడి దగ్గర దానికి తగ్గ సిపాయి ఉన్నాడు.

గిత్త ఇంకా కాలేదు. అదే అచ్చులోంచి రెండో దిమ్మ పోశాను, తిప్పి పెడితే గట్టు వెనక్కి పోయింది, బాగుంది. కానీ గిత్త మూపురం బరువు ముందుకాళ్ల మీద ఉంది, నేల అక్కడ కొంచెం కుంగాలి, లేకపోతే తేలిపోయినట్టుంటుంది. ఇంకో పొర పుట్టీ పడాలి.

నవంబరు 23, ఆదివారం

తిక్కనని ఈరోజు నిలబెట్టాను. రెండు పాదాల్లోనూ ఒక మిల్లీమీటరు పిన్ను, ఇత్తడి తీగతో, రంధ్రం చేతి డ్రిల్లుతో నిదానంగా. రెజిన్‌ని మెషిన్‌తో తొందరపెడితే కరిగి బిట్టుకి చుట్టుకుంటుంది. బేస్ మీద రంధ్రం గుర్తు కోసం పిన్ను కొనకి తడి రంగు అద్ది ఒకసారి తాకించాను, ఎక్కడ చుక్క పడితే అక్కడే. అతకడానికి సూపర్ గ్లూ వాడలేదు, దాని ఆవిరికి చుట్టూ రంగు తెల్లబారుతుంది, అరల్డైట్ అగ్గిపుల్ల మొనంత. లేచిన ఎడమ మడమ కింద వెలితి ఉంది, ఉండాలి కూడా, అక్కడ కొంచెం మట్టి ఎగిరినట్టు ఓకర్ పొడి.

సాయంత్రం కొట్లో షోకేసులో పెట్టి ఇంటికొచ్చాను. రాత్రి షట్టర్ దించడానికి పోతే నాన్న దాన్ని తిప్పేసి ఉన్నారు. నేను ముఖం కొట్లోకి వచ్చేవాళ్లకి కనబడేట్టు పెడితే, ఆయన డెక్కల గుర్తులు లోపలి వైపుకి, తిక్కన ముఖం వీధి వైపుకి వచ్చేట్టు పెట్టి, ముందు ఖాళీకి అడ్డంగా ఉన్న చిన్న ఫ్రేము కూడా తీసేశారు. అట్టే ఉంచాను. గిత్తకి పుట్టీ రేపు కలుపుతాను.